తూనికలాయన చిన్న సెటప్

ఆ రోజు పొద్దున్న తూనికలాయన వేసుకున్న పథకం పది నిమిషాల్లో అయిపోయేది. టీ తాగాలి. పెరట్లోకి వెళ్ళి ఫోను చెయ్యాలి. ఆరు పేర్లు చెప్పాలి. వచ్చి పేపరు చదువుకోవాలి. ఇందులో టీ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

తూనికలాయన అంటే తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన బజారులో అడుగుపెడితే కాటాలు వాటంతటవే సర్దుకుని నిలబడేవట. ఒక దుకాణంలో తరుగుపోయిన అరకిలో రాయి ఆయన్ని చూసిన సిగ్గుకి పది గ్రాములు పెరిగిందట. ఈ సంగతులు ఊరంతా చెప్పుకునేది. ఊరికి చెప్పింది ఆయనే. ఇంతమంది తూకాలు సరిచేసిన మనిషికి సొంతానికి రెండు చొక్కాల్లో ఒకటి ఎంచుకోవడం మాత్రం చేతనయ్యేది కాదు. ఒకటి ఈ చేత్తో, ఒకటి ఆ చేత్తో పట్టుకుని దుకాణం మధ్యలో తక్కెడలా ఊగేవాడు. ఊగీ ఊగీ ఆయన అలిసిపోయాక ఇల్లాలు వచ్చి మూడోది కొనేది.

రిటైరవడానికి వారం ముందు, ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే ఒకావిడ దుకాణానికి తనిఖీకి వెళ్ళాడు. అక్కడ బల్ల మీద ఒక చెక్కపెట్టె ఉంది. పెట్టెలో పక్కపక్కనే బిగించిన రేకు పలకలు. ప్రతి పలక మీదా తిప్పే మీటలు, గుచ్చే కంతలు. ఒక పలక శబ్దం పుట్టిస్తే ఇంకోటి దాన్ని వడకడుతుంది, మరోటి సాగదీస్తుంది. కంతలకీ కంతలకీ వైర్లు తగిలిస్తే పెట్టె మొత్తం పాడుతుంది. దాన్ని మాడ్యులర్ సింథసైజర్ అంటారనీ, పలకల్ని మాడ్యూళ్ళంటారనీ, పెట్టెని కేసంటారనీ కాటాల మేడమ్ చెప్పింది. ఆయన గంటసేపు నోరు తెరుచుకుని విన్నాడు. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి ఒక దుకాణంలో తప్పు పట్టడం మరిచిపోయి వచ్చేశాడు.

అప్పటినుంచీ అలాంటిది ఒకటి కావాలని ఆయనకి ఒకటే తపన. మేడమ్ చేసిచ్చే చిన్న పెట్టెలో ఆరు పలకలకే చోటుంది. ఆయన కాగితం మీద ఇరవైమూడు ఉన్నాయి. మూడు నెలలుగా రోజూ ఒకటి కొట్టేస్తున్నాడు, రెండు కలుపుతున్నాడు. చివరికి మేడమ్ ఓపిక కూడా అయిపోయింది. "సార్, వేరేవాళ్ళు అడుగుతున్నారు. రేపు సాయంత్రం ఐదులోపు ఆరు పేర్లు చెప్పకపోతే ఉన్నవన్నీ వాళ్ళకిచ్చేస్తాను" అని నిన్న తేల్చి చెప్పేసింది.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం పోయినేడు కొన్న టెలిస్కోపు. ఖగోళం మొత్తంలో అందులోంచి ఆయనకి కనిపించిన ఏకైక గ్రహం పక్కింటి నీళ్ళ ట్యాంకు. ఇల్లాలు వారం రోజులు నవ్వింది. తల్చుకుంటే ఆయనకీ నవ్వొచ్చేది, అందుకే తల్చుకునేవాడు కాదు.

సరే, పెరట్లోకి వెళ్ళి ఫోను చేశాడు. ఆరిన బట్టలు తీయడానికి ఇల్లాలు అప్పటికే అక్కడ ఉంది. ఆస్పత్రి నర్సుల యూనిఫారాలు కుట్టే ఆవిడ మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. దుప్పటికి అటువైపు ఆవిడ ఉన్న సంగతి ఇటువైపున్న ఆయన చూసుకోలేదు.

"మేడమ్, నాకు చిన్న సెటప్ చాలండీ. పెద్దదైతే ఈ వయసులో నేను మెయింటైన్ చెయ్యలేను."

దుప్పటి వెనక క్లిప్పు ఒకటి కింద పడింది.

"లేదండీ, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏమంటుందోనని భయం. ముందు ఒక్క వాయిసుతో మొదలుపెడతాను. అలవాటయ్యాక రెండోది చూద్దాం. ఆహా, అందరూ అంతేనా? ఒకటితో మొదలెట్టి ఆగలేరా?" అని ఆయన గలగలా నవ్వాడు. "ఐదుదాకా నా కోసం ఆగండి. ఈలోపు వేరేవాళ్ళ మాట ఒప్పుకోకండి మేడమ్."

సింథసైజర్ల వాళ్ళ భాషలో సెటప్ అంటే సామాను అమరిక, వాయిసంటే పెట్టె ఒకసారికి పలికే ఒక స్వరం. తక్కిన లోకం భాషలో, 'ఫలానాయనకి ఒక సెటప్ ఉందట' అని ఎవరైనా గొంతు తగ్గించి చెప్పారంటే, ఆ సెటప్‌కి వేరే వీధిలో ఒక ఇల్లూ, ఆ ఇంటికి ఎప్పుడూ వేసి ఉండే కిటికీ తెరలూ ఉంటాయి.

ఆయన స్నానానికి వెళ్ళగానే ఇల్లాలు మేకుకి తగిలించి ఉన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. మడత కాగితం ఒకటి దొరికింది. పైన గీత గీసి మరీ 'చిన్న సెటప్‌కి కావలసినవి' అని రాసి ఉంది. కింద ఫిల్టరు ఒకటి. మిక్సరు ఒకటి, చిన్నదైనా ఫరవాలేదు. గడియారం ఒకటి. గేట్లు రెండు. శబ్దాన్ని వడకట్టే పలకని ఫిల్టరంటారనీ, కలిపే పలకని మిక్సరంటారనీ, తాళం వేసేదాన్ని గడియారమంటారనీ, ఎప్పుడు మొదలవ్వాలో ఎప్పుడు ఆగాలో చెప్పేదాన్ని గేటంటారనీ ఆవిడకేం తెలుసు? వెంటనే తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, నీళ్ళ ఫిల్టరు మార్చమని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. మిక్సరు మూతకి తాడు కట్టి నెట్టుకొస్తున్నాను. మనింటికి ఉన్న ఒక్క గేటుకీ గొళ్ళెం లేదు. అక్కడ మాత్రం రెండు గేట్లురా, రెండు గేట్లు!"

"అక్కా, ఆ కాగితం భద్రంగా ఉంచు. అది ఎగ్జిబిటు" అన్నాడు తమ్ముడు.

తమ్ముడు ఒక ప్లీడరు దగ్గర గుమస్తా. తన పెళ్ళిరోజుని కూడా 'వచ్చే నెల పదకొండుకి వాయిదా పడింది' అని చెప్పే రకం. పది గంటలకల్లా సంచీతో సహా వచ్చి, బావగారిని పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు.

"బావా, అక్కకి తెలిసిపోయింది."

తూనికలాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "అయ్యో. ఎలారా?"

"అది అప్రస్తుతం. ఎప్పట్నుంచి?"

"మూడు నెలలు."

"రోజూ కలుస్తారా?"

"ఫోనులో రోజూ. కలిసింది నాలుగుసార్లే. అబ్బ, ఏం పనితనంరా! ఒకసారి నువ్వూ వెళ్ళి చూడు, నీకూ ఒకటి కావాలనిపిస్తుంది."

బావమరిది రెండు చెవులూ మూసుకున్నాడు. విచారణ ఇంకా పూర్తి కాలేదని గుర్తొచ్చి మళ్ళీ తెరిచాడు. "ఇలాంటివి కేసుదాకా వెళ్తాయి బావా. ఆలోచించారా?"

"కేసు గురించి నీకెందుకు బెంగ? కేసు ఆవిడే ఇస్తానంది."

"ఆవిడే ఇస్తుందా!"

"మొదట పెద్ద కేసే ఇస్తానంది. నేనే బతిమాలి చిన్నదానికి ఒప్పించాను. పవరు సంగతి కూడా ఆవిడే చూసుకుంటుంది. నాకు తెలియని వ్యవహారం కదా, ఆవిడకే వదిలేశాను."

ప్లీడరు గుమస్తాకి లోకంలో పవరు ఒక్కటే. మన తరఫున సంతకాలు పెట్టే హక్కు ఇంకొకరికి రాసివ్వడం. బావమరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పవరు కూడా ఇచ్చేశారా? ఎప్పుడు?"

"ఫోన్లోనే చెప్పేశాను."

"ఆ ఫోను ఇలా ఇవ్వండి. సాక్ష్యం. నేను ప్లీడరుగారిని కలిసొచ్చేదాకా మీరు నోరు విప్పకండి. ఈ గది దాటకండి."

"ఒరేయ్, ఒరేయ్! ఐదులోపు నేను ఆవిడకి ఆరు పేర్లు చెప్పాలిరా!"

"ఆరా!" బావమరిది గోడ పట్టుకున్నాడు.

"ఇరవైమూడులోంచి తగ్గించాను" అన్నాడు తూనికలాయన, కాస్త గర్వంగానే.

ఫోను సంచీలోకీ, సంచీ స్కూటరు మీదికీ, స్కూటరు వీధి మలుపులోకీ వెళ్ళిపోయాయి. మేడమ్ నంబరు ఆ ఫోనులోనే ఉంది. ముప్ఫై రెండేళ్ళు అంకెల మధ్య బతికిన మనిషికి నోటికొచ్చిన నంబరు ఒక్క ఇల్లాలిదే. ఇంకో ఫోను దొరికినా, ఆ నంబరుకి చేసి ఇప్పుడు ఏం చెబుతాడు? పెట్టెకోసం ఇంత రాద్ధాంతమా అని ఆయనకి మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, మోకాలికి పట్టీ కట్టుకుని, పాడే పెట్టె కావాలని మారాం చేస్తున్నాడంటే ఇంట్లోవాళ్ళు వకీలు దగ్గరికి పరుగెత్తడంలో తప్పేముందిలే అనిపించింది.

మధ్యాహ్నం ఇల్లాలు కంచం తెచ్చి ఎదురుగా పెట్టింది. నిలబడే మాట్లాడింది.

"దాన్ని ఎక్కడ పెడదామనుకున్నారు?"

మన భాషలో వస్తువుకీ, గిట్టని ఆడమనిషికీ కూడా ఒక్క 'అది'తోనే సరిపెట్టిన పెద్దలెవరో గానీ, ఆ పూట వాళ్ళు ఆ ఇంటికి చేసిన అపకారం అంతా ఇంతా కాదు.

"ఇంట్లోనే. నీ మిషను పక్కన ఆ మూల ఖాళీగానే ఉంది కదా" అన్నాడాయన.

"నా మిషను పక్కనా!"

"నీకేం అడ్డం రాదోయ్. చెవి మెలిపెడితే తప్ప నోరెత్తదు. కావాలంటే నువ్వూ మెలిపెట్టు."

"నేను మెలిపెడితే ఇక చెవి మిగలదు."

"మెల్లిగా పెట్టాలి. నాజూకైంది."

ఇల్లాలు కళ్ళు మూసుకుని తెరిచింది. "నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"నవ్వుతావని భయం. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, ఈ ముఖానికి ఇదొకటా అని. కానీ మనసు లాగేసిందోయ్. జీవితంలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నా అంతట నేను ఎంచుకుందామనుకున్నాను."

"అవును. నన్ను మీ అమ్మగారు ఎంచుకున్నారు" అంది ఇల్లాలు.

"అందుకేగా అంత బాగా కుదిరింది" అన్నాడాయన నిజాయితీగా. అప్పటికే తలుపు పడిపోయింది.

ఆవిడ ఏడవలేదు. మిషను దగ్గర కూర్చుని కాసేపు ఖాళీ చక్రం తిప్పింది. ఒక బట్ట తన చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్ళేటప్పుడు కొలతల చీటీ రాసి పిన్నుతో గుచ్చి పంపడం కుట్టుపని వాళ్ళ అలవాటు. ఎవరు పుచ్చుకుంటున్నారన్నది కాదు, కొలతలు తెలియక బట్ట పాడవకూడదన్నదే దాని ఉద్దేశం. ఆవిడ ఒక సంచీలో నాలుగు చొక్కాలు, మోకాలి పట్టీ, మందుల డబ్బా సర్దింది. నర్సుల యూనిఫారాల పుస్తకంలోంచి ఒక చీటీ చింపి, పెన్సిలుతో ఏడు వరసలు రాసి, ఆ సంచీకి గుచ్చింది.

నాలుగున్నర దాటింది. మూసిన తలుపు వెనక తూనికలాయన పాత కవరు మీద ఆరు పేర్లు రాశాడు. కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. ఇప్పుడు తొమ్మిదయ్యాయి.

ఐదుకి పది నిముషాలుండగా ఎవరో గేటు తోసుకుని వచ్చారు. ఇల్లాలు గుమ్మంలోకి వెళ్ళింది. వచ్చినావిడకి యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన జుట్టు, నుదుటి మీదకి నెట్టుకున్న భూతద్దం, వేళ్ళనిండా కాలిన మచ్చలు, భుజాన బరువైన సంచీ, చంకలో గుడ్డ చుట్టిన పెట్టె.

"సార్ ఉన్నారా అమ్మా? ఫోనెత్తడం లేదు. చిన్న సెటప్ సంగతి ఈ పూట తేలిపోవాలి, అందుకని నేనే వచ్చేశాను."

ఇల్లాలు ఇంకెవరినో ఊహించుకుంది. ఈ కాలిన వేళ్ళు చూసేసరికి, దాచుకున్న తిట్లన్నీ మరిచిపోయింది. అప్పుడే ఈవిడ చేత కూడా చాకిరీ మొదలుపెట్టించాడు కాబోలు అనుకుంది. "రా అమ్మా, కూర్చో. నేనేం గొడవ చెయ్యను. అన్నీ ఇందులో రాసిపెట్టాను" అని చీటీ తీసి చేతికిచ్చింది.

"అబ్బ, మీరు రాసేశారా! బతికించారు. సార్‌తో మూడు నెలలుగా వేగుతున్నాను."

"నేను ముప్ఫయ్యేళ్ళుగా వేగుతున్నాను."

కాటాల మేడమ్ భూతద్దం కళ్ళమీదకి దించుకుని, పైకే చదివింది. "ఒకటి. పొద్దున్నే గొంతు రాదు. పావుగంట వేడెక్కనిస్తే దారిలో పడుతుంది. నిజమే అమ్మా, శబ్దం పుట్టించేది ఎప్పుడూ అంతే" అంటూ సంచీలోంచి ఒక రేకు పలక తీసి బల్ల మీద పెట్టింది. "రెండు. గురక. ఎడమవైపు తిప్పితే తగ్గుతుంది. అంటే బుస్సుమనే చప్పుడు పలక, మీట ఎడమకి." ఇంకో పలక వచ్చింది. "మూడు. చెప్పిందే మూడుసార్లు చెప్పడం, ప్రతిసారీ కాస్త నీరసంగా. ఇది ప్రతిధ్వని. నాలుగు. చెప్పిన దాంట్లో సగమే లోపలికి వెళ్తుంది, ఏ సగమన్నది మనమే చూసుకోవాలి. ఫిల్టరుని ఇంత సులువుగా నేనే చెప్పలేనమ్మా!"

ఇల్లాలికి ఏమీ అర్థం కావడం లేదు. తన మొగుడి గుణం ఒక్కొక్కటీ రేకుగా మారి బల్ల మీదకి వస్తోంది.

"ఐదు" అని మేడమ్ ఆగిపోయింది. చీటీని దీపం దగ్గరగా పట్టుకుంది. "కోపం చిటికెలో వస్తుంది, కాసేపు అదే ఎత్తులో ఉంటుంది, దిగడానికి మాత్రం రోజంతా పడుతుంది. ఆహా! స్వరం ఎలా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా దిగాలి అని కొలిచి చెప్పేందుకే ఒక మాడ్యూలు ఉందమ్మా. ఇంత కచ్చితంగా కొలతలిచ్చినవాళ్ళని నేను చూడలేదు. ఆరు. ఏది కావాలో తేల్చుకోలేకపోవడం. ఎప్పుడే మాట వస్తుందో ముందు చెప్పలేం. ఇదిగో, తోచినట్టు పలికే పలక. అయిపోయాయి, ఆరూ సరిపోయాయి."

అప్పుడే బావమరిది రొప్పుతూ లోపలికొచ్చాడు. "అక్కా, కోర్టులో ఏ కేసూ పడలేదు! రిజిస్టరంతా వెతికాం!"

మేడమ్ గుడ్డ విప్పి చెక్కపెట్టె చూపించింది. "కేసు ఇక్కడుంది బాబూ. పవరు వెనకాల. ఆ ప్లగ్గు కొంచెం గోడకి పెట్టు."

బావమరిది పెట్టెకేసి చూశాడు. పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి పవరుకేసి చూశాడు. ప్లగ్గు గోడకి పెట్టి, సంచీలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు ఫ్యాను వేసుకున్నాడు. ఇల్లాలు కుర్చీలో కూలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో, ఆ రెండూ కలిసి వచ్చే ఇంకోటో తెలియలేదు. ఒక్క ఊపుతో లేచి వెళ్ళి పక్కగది తలుపు తీసింది.

"బయటికి రండి. మీ సెటప్ వచ్చింది."

తూనికలాయన కవరు చేత్తో పట్టుకుని పరుగున వచ్చాడు. "మేడమ్, ఇంకా రెండు నిముషాలుంది! తొమ్మిది రాశాను, మూడు తీసేస్తే..." పెట్టెలో బిగిస్తున్న పలకల్ని చూసి ఆగిపోయాడు. "ఇవేంటి? ఇవి నేను చెప్పలేదే?"

"నిజమే సార్. ఫిల్టరు తప్ప తక్కిన ఐదూ మీకు పనికిరావని మొదటి వారంలోనే కొట్టేశారు" అంది మేడమ్.

"మరి ఎవరు ఎంచారు?"

"అమ్మగారు. పదినిముషాల్లో."

తూనికలాయన నోరు తెరిచాడు. మూడు నెలల పరిశోధన, పోల్చి చూసిన పట్టికలు, పడ్డ మథనం, అన్నీ చెప్పబోయాడు. చీటీ చేతికొచ్చింది. ఒకటి నుంచి ఆరుదాకా చదువుకుని, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "ఇది పెట్టెకి రాసింది కాదు కదూ" అన్నాడు నెమ్మదిగా.

"కాదు."

"అంటే నాకు... నాకు ఇంకోటి... సెటప్ అంటే..." అర్థమయ్యేకొద్దీ ఆయన ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపులో సిగ్గు ఎంతో, నన్ను కూడా ఎవరైనా అలా అనుకోగలరా అన్న సంతోషం ఎంతో తూచడానికి ఆయన దగ్గర కూడా రాళ్ళు లేవు.

"అంత సంబరపడకండి బావా. ప్లీడరుగారు కూడా నమ్మలేదు" అన్నాడు బావమరిది.

"ఆరు అయ్యాయి గానీ అమ్మా, చీటీలో ఏడోది కూడా ఉంది" అంది మేడమ్. "'ఇన్ని ఉన్నా మనిషి మంచివాడు, ఆకలేస్తే చెప్పడు, కనిపెట్టి చూసుకోవాలి' అని. దీనికి పెట్టెలో చోటు లేదు."

ఇల్లాలు చటుక్కున చీటీ లాక్కుని జాకెట్లో దోపుకుంది. "ఏడోది కుట్టుపని లెక్క. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఏమిటోయ్, ఇంకోసారి చదువు" అన్నాడాయన.

"మీకు కాదు."

మేడమ్ వైర్లు తగిలించి పవరు వేసింది. పెట్టె పావుగంటదాకా పలకలేదు. తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక స్వరం లేచింది. చటుక్కున ఎగిరి, కాసేపు అక్కడే మొండిగా నిలబడి, నిదానంగా దిగుతూ అదే ముక్కని మూడుసార్లు అంది. మధ్యలో ఎవరూ అడగని ఇంకో స్వరం. వెనకాల సన్నగా గురక. గదిలో అందరూ మెల్లిగా తూనికలాయన వైపు తిరిగారు. ఆయన కూడా తనని తాను ఒకసారి చూసుకున్నాడు. ఇల్లాలు లేచి వెళ్ళి రెండో పలక మీట పట్టుకుని ఎడమవైపు తిప్పింది. గురక తగ్గిపోయింది. ఆవిడ ముఖంలో అలాంటి తృప్తి ఆ ఇంట్లో అంతకు ముందెవరూ చూడలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒకే కొలతలవి రెండున్నాయి; ఆపేసే స్విచ్చి మాత్రం ఒకదానికే ఉంది.